పత్రికలు – చందాదారులు : ఒక విశ్రాంత గుమాస్తా మనవి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా అన్నవరంలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీ మన పెన్షనర్లకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు వారు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షను అనేది సర్కారు వారు దయదలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినది అని తేల్చారు. అందుచేత ఈ రోజున వేదిక ఎక్కినవారు డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఆ సంగతులు నాకన్న ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. కార్యదర్శి గారు నాతో “మీరు మాత్రం కాస్త ఆహ్లాదంగా, హాబీల మీద నాలుగు మాటలు చెప్పండి” అన్నారు. సరే నన్నాను. తీరా కాగితం కలం పట్టుకుని కూర్చుంటే, అది కూడా చివరికి ఒక బకాయి సంగతిగానే తేలింది. అదెలాగో మనవి చేస్తాను.

మన తరం వారికి హాబీ అన్న మాట ఆలస్యంగా తెలిసింది గాని, హాబీ లేని ఇల్లు లేదు. ఒకరు తపాలా బిళ్ళలు పోగుచేసేవారు. ఒకరు రేడియో విప్పి మళ్ళీ బిగించేవారు. ఒకరు పదబంధ ప్రహేళికలు పూరించేవారు. ఆడవారు అల్లికలు, కుట్లు, ముగ్గులు. పిల్లలకు కథలు. వీటన్నిటికీ గురువు ఎవరయ్యా అంటే, నెలకో వారానికో పోస్టులో వచ్చే పత్రిక. మన అన్నవరం లాంటి ఊళ్ళో రేడియో గురించి చెప్పే మేష్టారు ఎక్కడ దొరుకుతాడు? స్టాంపుల గురించి మాట్లాడే మనిషి ఎక్కడ? ఆ పత్రికే మేష్టారు, ఆ పత్రికే స్నేహితుడు.

శ్రీశ్రీ గారంతటి మహాకవి పదబంధ ప్రహేళికలు కూర్చేవారంటే ఈనాటి పిల్లలు నమ్మరు. ఆ గళ్ళు నింపడం కోసం తాలూకా కచేరీలో మధ్యాహ్నం టిఫిను వేళ నిఘంటువు చుట్టూ నలుగురం చేరేవాళ్ళం. ఆకాశవాణి వారు “వాణి” పత్రిక వేసేవారు. ఏ రోజు ఏ వేళకు ఎవరి కచేరీ వస్తుందో ముందుగానే అందులో చూసుకుని, ఎర్ర పెన్సిలుతో గీత గీసుకుని రేడియో ముందు కూర్చునేవాళ్ళం. ఇంగ్లీషు వచ్చినవారికి టైమ్స్ వారి “సైన్స్ టుడే” ఉండేది. 1966లో మొదలై, చివరి దశలో పేరు కూడా మార్చుకుని, 1990ల తొలినాళ్ళలో ఆగిపోయింది. తపాలా బిళ్ళల వారికి బొంబాయి నుంచి జాల్ కూపర్ గారు నడిపిన “ఇండియాస్ స్టాంప్ జర్నల్” ఉండేది. ఎలక్ట్రానిక్స్ వారికి 1969లో మొదలైన “ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ” ఉండేది. ఇక మన తెలుగు నాట అందరికీ కలిపి చందమామ ఉండనే ఉంది.

చందమామ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే చందాదారుడి కథ మొత్తం అందులోనే ఉంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో తెలుగులోను, తమిళంలోను ఒకేసారి ప్రారంభించారు. 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు కొడవటిగంటి కుటుంబరావు గారు దాని వెనుక ఉన్నారు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు, చిత్రా గారి బొమ్మలు, శంకర్ గారి బేతాళుడు – ఇవి చూడని తెలుగువాడు మన వయసులో లేడు. అందులో ఫోటో వ్యాఖ్యల పోటీ అని ఒకటి ఉండేది, గుర్తుందా? రెండు ఫోటోలు వేసేవారు. రెండింటికీ జత కుదిరేలా రెండు చిన్న వ్యాఖ్యలు పోస్టుకార్డు మీద రాసి పంపాలి. బహుమతి ఏపాటిది అన్నది కాదు. వీధిలో మన పేరు, మన ఊరి పేరు అచ్చులో చూసుకోవడమే బహుమతి. ఆ కార్డు రాయడం కోసం ఇంట్లో తండ్రీ కొడుకూ కలిసి ఆలోచించేవారు. హాబీ అంటే అదే కదండీ!

అలాంటి చందమామ 1998లో ఒకసారి ఆగింది. ఏడాది పైచిలుకు విరామం తరువాత 1999 చివరలో మళ్ళీ వచ్చింది. పోయిన ప్రాణం వచ్చినట్లయింది అందరికీ. తరువాత 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే కంప్యూటర్ల కంపెనీ దానిని కొన్నది. పాత సంచికలను కంప్యూటరులో పెట్టారు. అంతా బాగానే ఉందనుకున్నాం. 2013 నాటికి పత్రిక రావడం మానేసింది. ముందుగా “మేము ఆపుతున్నాము” అని చందాదారుడికి ఒక ముక్క రాయలేదు. చందా కట్టినవారు ఈ నెల రాలేదేమి, వచ్చే నెల రెండూ కలిపి వస్తాయేమో అని ఎదురు చూస్తూ ఉండిపోయారు. 2014లో బొంబాయి హైకోర్టు ఆ కంపెనీని మూసి ఆస్తులను లిక్విడేటరు పరం చేయమన్నది. దానితో కంప్యూటరులో పెట్టిన పాత సంచికలు కూడా కొంతకాలానికి కనుమరుగైనవి. 1947 నుంచి తెలుగు ఇళ్ళలో ఒక మనిషిగా బతికిన పత్రిక ‘వెళ్ళొస్తాను’ అని కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఇది చందమామ ఒక్కదానికే వచ్చిన కష్టం కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో పెట్టిన ఆంధ్రపత్రిక, 1924లో పెట్టిన భారతి – రెండూ 1991తో ముగిశాయి. 1880లో మొదలైన ఇలస్ట్రేటెడ్ వీక్లీ 1993లో ముగిసింది. 2001లో “హాసం” అని హాస్యానికి, సంగీతానికి ఒక పత్రిక వచ్చింది. పాత పాటల పిచ్చి ఉన్న నాబోటి వారికి అది విందు భోజనం. మూడేళ్ళు నడిచి 2004లో ఆగింది. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు నవ్య వంటి వారపత్రికలు ఆగాయి. 1978 నుంచి వచ్చిన చతుర, విపుల 2021లో అచ్చు ఆపేశాయి; వాటితో పాటు తెలుగు వెలుగు, బాలభారతం కూడా. మన దేశం సంగతి అలా ఉంచండి. అమెరికాలో 1937 నాటి “పాపులర్ ఫొటోగ్రఫీ” 2017లో ఆగింది. 1872 నాటి “పాపులర్ సైన్స్” 2021లో కాగితం మీద రావడం మానేసింది, 2023లో కంప్యూటరు సంచిక కూడా మానేసింది. కనుక ఇది ప్రపంచమంతటా వచ్చిన ఎదురుగాలి.

పత్రిక నడిపేవారి కష్టం మనం తెలుసుకోకుండా మాట్లాడకూడదు. కాగితం ధర పెరుగుతుంది. ఏజెంటుకు కమీషను ఇవ్వాలి, అమ్ముడుపోని ప్రతులు వెనక్కు తీసుకోవాలి. చందాదారుడు కట్టే డబ్బు కాగితానికి, అచ్చుకే చాలదు. మిగిలినదంతా ప్రకటనల మీద రావాలి. హాబీ పత్రికకు ప్రకటన ఎవరిస్తారు? ఆ హాబీకి సామాను అమ్మేవాడే ఇస్తాడు. రేడియో విడిభాగాల దుకాణం మూతబడితే రేడియో పత్రికకు ప్రకటన పోతుంది. కెమెరా రీళ్ళ కంపెనీ మూతబడితే ఫోటోల పత్రికకు ప్రకటన పోతుంది. రాజకీయాల పత్రికకు ఒక దుకాణం పోతే ఇంకొకటి వస్తుంది. హాబీ పత్రికకు ఆ వెసులుబాటు లేదు. పైగా మొదట టీ.వీ. వచ్చి సాయంకాలాలను తీసుకున్నది, తరువాత చేతిలోకి ఫోను వచ్చి మిగిలిన వేళలన్నీ తీసుకున్నది. కుట్టుపని కావాలన్నా, చదరంగం ఎత్తులు కావాలన్నా, స్టాంపు వెల కావాలన్నా క్షణంలో ఫోనులో దొరుకుతున్నది. అయితే ఒక్క తేడా ఉంది. ఫోనులో మనం వెతుక్కోవాలి. పత్రిక మనల్ని వెతుక్కుంటూ వచ్చేది. డెబ్బై దాటినవారికి ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక తపాలా సంగతి. పత్రికలకు పూర్వం నుంచి తపాలాశాఖ రాయితీ ఉన్నది. రిజిస్టరు చేయించుకున్న పత్రికను చాలా తక్కువ రుసుముతో పంపవచ్చు. మనం చందా కట్టే పద్ధతి కూడా తపాలా వారి చేతుల మీదుగానే జరిగేది. మనియార్డరు ఫారం తీసుకుని, అడుగున కూపనులో “చందా నంబరు ఫలానా, ఒక సంవత్సరమునకు” అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాళ్ళం. నూటికి అయిదు రూపాయలు కమీషను. కొన్నాళ్ళకు అవతలివాడి సంతకంతో రశీదు వచ్చేది. ఆ రశీదు పత్రిక వచ్చేదాకా ట్రంకుపెట్టెలో భద్రం. 1880 నుంచి ఉన్న ఆ పాత పద్ధతి మనియార్డరు 2015లో ఆగిపోయింది. ఇప్పుడు ఫోనులో డబ్బు క్షణంలో వెళ్ళిపోతుంది. వెళ్ళింది అన్న గుర్తు వస్తుంది గాని, ఎవరు పుచ్చుకున్నారో వారి చేవ్రాలు రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను చేసినది గుమాస్తా ఉద్యోగం. చేరిన కొత్తలో మా హెడ్ గుమాస్తా గారు నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. “ఒరేయ్ అబ్బాయి, పెట్టెలోకి వచ్చే ప్రతి రూపాయీ మన రూపాయి కాదు. ఆదాయం వేరు, ధరావతు వేరు.” కాంట్రాక్టరు కట్టిన ధరావతు సొమ్ము ఖజానాలోనే ఉంటుంది. కాని అది సర్కారు సొమ్ము కాదు. పని పూర్తయ్యాక తిరిగి ఇవ్వవలసినది. దాన్ని ఖర్చు రాసినవాడికి ఆడిటులో శ్రీముఖం వస్తుంది.

చందా కూడా అటువంటిదే అని నా మనవి. నేను ఏడాదికి రెండు వందల నలభై రూపాయలు కట్టాను అనుకోండి. ఆ రోజున అందులో ఒక్క రూపాయి కూడా పత్రిక వారిది కాదు. మొదటి సంచిక నా గుమ్మంలో పడిన రోజున ఇరవై రూపాయలు వారివి అవుతాయి. రెండో సంచికకు మరో ఇరవై. మిగిలిన రెండు వందలు వారి దగ్గర ధరావతు. ఇది నేను కొత్తగా కనిపెట్టినది కాదు. ముందుగా వచ్చిన చందాను లెక్కల వారు కూడా అప్పుల వైపే చూపిస్తారు. కాని పత్రిక కష్టాల్లో పడినప్పుడు ఏం జరుగుతుంది? కొత్తగా వచ్చే చందాలతో పాత కాగితం బాకీ తీరుస్తారు. అది చాలకపోతే “మూడేళ్ళకు కడితే తగ్గింపు, అయిదేళ్ళకు కడితే గోడ గడియారం, జీవిత చందా కడితే ఇక జన్మలో చింత లేదు” అని ప్రకటన వేస్తారు. జీవిత చందా అన్నప్పుడు ఎవరి జీవితం అన్నది మాత్రం చెప్పరు!

మన అన్నవరం వారికి సత్యనారాయణ స్వామి వారి కథ వేరే చెప్పనక్కరలేదు. సాధువు అనే వర్తకుడు సంతానం కలిగితే వ్రతం చేస్తానన్నాడు. కూతురు పుట్టింది. పెళ్ళినాటికి చేస్తానన్నాడు. పెళ్ళి అయింది. తరువాత చూద్దాం లెమ్మని వ్యాపారానికి బయలుదేరాడు. ఆ తరువాత అతడు పడిన పాట్లు రత్నగిరి మీద ప్రతి రోజూ వందలాది దంపతులు వింటూనే ఉంటారు. ఆ కథలో స్వామికి కోపం వచ్చింది వ్రతం చేయలేనన్నందుకు కాదు. చేస్తాను చేస్తానని చెబుతూ చేయనందుకు. పత్రిక నడపలేకపోవడం నేరం కాదండీ. నడుపుతున్నాం నడుపుతున్నాం అంటూ డబ్బు పుచ్చుకోవడమే తప్పు.

నా స్వానుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ప్రహేళికలు, పొడుపుకథలు, లెక్కల చిక్కులు వేసే ఒక మాసపత్రికకు అయిదేళ్ళ చందా కట్టాను. పేరు చెప్పను. మూతబడిన ఇంటి మీద రాయి వేయడం నాకిష్టం లేదు. అరవై సంచికలకు పన్నెండు వందల రూపాయలు. పదకొండు సంచికలు వచ్చాయి. పన్నెండోది రాలేదు. మొదటి నెల పోస్టుమాన్‌ను అడిగాను. రెండో నెల పోస్టుమాస్టరు గారిని అడిగాను. మూడో నెల పత్రిక వారికి రశీదు నకలు జతపరచి రిజిస్టర్డు ఉత్తరం రాశాను. ఎక్‌నాలెడ్జిమెంటు వచ్చింది, జవాబు రాలేదు. రెండో ఉత్తరం “చిరునామాలో లేరు” అన్న ముద్రతో తిరిగి వచ్చింది. నలభై తొమ్మిది సంచికలకు తొమ్మిది వందల ఎనభై రూపాయలు. పోనీ, అది పోయినా నా పెన్షనుకు లోటు లేదు. కాని ఆ పదకొండో సంచికలో ప్రహేళిక ఒకటి ఉంది. అన్ని గళ్ళూ నింపాను, నిలువు పద్నాలుగు తప్ప. అయిదక్షరాల మాట. “సమాధానాలు వచ్చే నెల” అని అడుగున అచ్చువేశారు. ఆ వచ్చే నెల ఇంతవరకు రాలేదు.

మీరు నవ్వుతున్నారు. నేను కూడా నవ్వాను. కాని మన సంఘంలోనే అడిగి చూడండి. ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరైన ఒక సోదరి కుట్టుపని పత్రికలో వచ్చిన నెమలి డిజైను సగం కుట్టి ఆపేశారు. రెండో సగం తరువాతి సంచికలో రావలసి ఉంది. ఆ గుడ్డ ఇప్పటికీ ఫ్రేములోనే ఉన్నది. విద్యుత్ శాఖలో చేసిన ఒక మిత్రుడు పొట్టి తరంగాల రేడియో కట్టడం మొదలుపెట్టారు. సర్క్యూటు బొమ్మ కింద “సశేషం” అని ఉంది. సీరియలు మధ్యలో ఆగినవారు మనలో ఎంతమందో! ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇవన్నీ చిన్న విషయాలు. రిటైరైన తరువాత రోజుకు ఇరవై నాలుగు గంటలూ మనవే అయినప్పుడు, నెలకోసారి గేటు చప్పుడుకు లేచి వెళ్ళే కారణం ఒకటి పోతే అది చిన్న నష్టం కాదు. భార్యనో భర్తనో పోగొట్టుకుని ఒంటరిగా ఉన్నవారికి, తమ పేరు రాసి ఉన్న కాగితం చుట్ట ఒకటి వస్తుందంటే ఇంకా ఎవరో తమను లెక్కలో ఉంచుకున్నారని అర్థం. పత్రిక చెప్పకుండా ఆగిపోవడమంటే ఆ లెక్కలోంచి చెప్పకుండా కొట్టివేయడమే.

ఇందుకు చట్టంలో దారి లేదా అని అడుగుతారు. ఉంది, కొంతవరకు. వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జూలై నుంచి అమలులో ఉంది. డబ్బు పుచ్చుకుని సేవ చేయకపోతే జిల్లా వినియోగదారుల కమీషనుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫిర్యాదు రుసుము లేదు. వకీలు లేకుండా మనమే దాఖలు చేసుకోవచ్చు. కాని కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళ లోపున చేయాలి. కనుక “వచ్చే నెల చూద్దాం” అనుకుంటూ కూర్చుంటే గడువు దాటిపోతుంది. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల హెల్ప్‌లైనులో చెప్పుకోవచ్చు. రశీదు, కడపటి సంచిక మీది చిరునామా కాగితం, మీరు రాసిన ఉత్తరం నకలు – ఈ మూడూ ఉంటే మీ ఫైలు పూర్తి.

అయితే కంపెనీయే దివాలా తీస్తే మాత్రం కష్టమే. లిక్విడేటరు ముందు తాకట్టు ఉన్న బాంకులు ముందు వరుసలో ఉంటాయి, వాటి పక్కనే పనివారి జీతాలు. చందాదారుడు ఏ తాకట్టూ లేని అప్పులవాడు, వరుస చివర నిలబడాలి. తొమ్మిది వందల రూపాయల కోసం ఆ వరుసలో నిలబడేవాడు ఎవడు? పత్రికల రిజిస్ట్రేషనుకు 1867 నాటి చట్టం పోయి 2023లో కొత్త చట్టం వచ్చింది. అది పత్రిక పేరు, యజమాని, ప్రచురణ వివరాలు చూసుకుంటుంది. చందా ధరావతును కాపాడటం దాని పని కాదు. చందా సొమ్మును వేరే ఖాతాలో ఉంచాలని, పత్రిక ఆపేముందు చందాదారుడికి తెలియపరచాలని ఒక నిబంధన ఉంటే ఎంత బాగుండును! ఈ మాట మన సంఘం తరఫున పైకి రాయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. మనం రాయని మహజరు ఉందా! దానికి ఇదొకటి జోడింపు.

ఇక పోయిన పత్రికల్లో మిగిలినదేమిటి అన్నది కూడా చెప్పుకుందాం. చందమామను కొన్న కంపెనీ పెట్టిన కంప్యూటరు పుటలు కంపెనీతో పాటు పోయాయి. కాని ఇళ్ళల్లో దాచుకున్న పాత సంచికలను అభిమానులు ఓపికగా ఒక్కొక్క పేజీ ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇవాళ మనుమడి ఫోనులో 1950ల నాటి చందమామ చూడగలుగుతున్నామంటే అది చందాదారుల చలవే. ఆంధ్రపత్రిక, భారతి వంటి పాత పత్రికలను మన రాష్ట్ర ప్రెస్ అకాడమీ వారు కంప్యూటరుకు ఎక్కించారు. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం, మన రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం పాత పత్రికల కట్టలను కాపాడుకుంటూ వచ్చాయి. హాసం పత్రిక ఆగినా ఆ పేరున ఊళ్ళలో పుట్టిన హాసం క్లబ్బుల్లో జనం కలుసుకుని నవ్వుకుంటూ, పాటలు పాడుకుంటూ ఉన్నారు. దీనిని బట్టి నాకు తోచినదేమిటంటే, పత్రిక పోయినా దాని చుట్టూ చేరిన మనుషులు విడిపోకపోతే ఆ హాబీ బతుకుతుంది.

కాబట్టి సభ్యులకు కొన్ని మనవులు చేస్తున్నాను.

మొదటిది. ఏ పత్రికకైనా ఒక్క ఏడాదికే చందా కట్టండి. అయిదేళ్ళ తగ్గింపు చూసి ఆశపడవద్దు. మన వయసుకూ అది మంచి పద్ధతే.

రెండవది. ఒక సంచిక రాకపోతే నెలలోపు ఉత్తరం రాయండి, నకలు ఉంచుకోండి. నలుగురికి ఒకే పత్రిక ఆగితే నలుగురూ కలిసి ఒకే ఫిర్యాదు రాయండి. ఒంటి సంతకానికి రాని జవాబు నాలుగు సంతకాలకు రావచ్చు.

మూడవది. బతికి ఉన్న పత్రికలను మరచిపోవద్దు. స్వాతి వస్తున్నది, మిసిమి వస్తున్నది. పక్కింటి నుంచి అడిగి తెచ్చుకుని చదివేవారు, ఒక్కసారి కొని చదవండి. పత్రిక పోయిన తరువాత కన్నీళ్ళు పెట్టుకోవడం కన్న ఉన్నప్పుడు చందా కట్టడం మేలు.

నాలుగవది. మీ ఇంటి అటక మీద ఉన్న పాత సంచికలను తూకానికి వేయవద్దు. మీ తదనంతరం పిల్లలు ఎలాగూ వేస్తారు. మీరుండగానే జాబితా రాసి గ్రంథాలయానికి అప్పగించి రశీదు పుచ్చుకోండి. జాబితా రాయడం చేతకానివారు నాకు కబురు చేయండి. ఆ పని నాకు అలవాటే, కాఫీ మాత్రం ఇవ్వాలి.

అయిదవది. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం మన సంఘం గదిలో గంటసేపు హాబీల వారు కూర్చుందాం. స్టాంపుల వారు స్టాంపులు, కుట్ల వారు కుట్లు తెచ్చుకుంటారు. ఫోనులో వెతకడం వచ్చినవారు రానివారికి చూపిస్తారు. ఆ సగం నెమలికి మిగతా సగం ఎక్కడో దొరకకపోదు. నా నిలువు పద్నాలుగుకు కూడా ఎవరైనా సాయం చేయవచ్చు.

చివరగా మన ఇంటి సంగతి. ఈ సభలోనే మరికాసేపట్లో ఒక తీర్మానం చర్చకు రానున్నది. మన సంఘ పత్రికను అచ్చు వేయడం ఆపి, ఇక మీదట వాట్సాప్‌లో మాత్రమే పంపాలని ప్రతిపాదన. అచ్చు ఖర్చు, పోస్టేజీ పెరిగినవి. కార్యవర్గం వారి ఇబ్బంది నిజమే. వారిని నేను తప్పుపట్టడం లేదు. కాని ఓటు వేసే ముందు కొన్ని సంగతులు ఆలోచించమని అడుగుతున్నాను. మన సభ్యుల్లో వాట్సాప్ ఫోను లేనివారు, ఉన్నా చూపు ఆననివారు ఎంతమంది? ముందు ఆ జాబితా తయారు చేద్దాం. వారి వరకైనా కాగితం ప్రతి తీసి పంపుదాం. మిగతావారు ఫోనులో చూసుకుంటారు. ఆ కొద్ది ప్రతులకు అయ్యే ఖర్చులో నా వంతు నేనిస్తాను.

అలా కాదు, పూర్తిగా ఆపక తప్పదు అని సభ నిర్ణయిస్తే, శిరసావహిస్తాను. అప్పుడు మూడు పనులు మాత్రం చేయాలి. ఆపబోతున్నామని రెండు సంచికల ముందుగా మొదటి పేజీలో ప్రకటించాలి. ముందుగా చందా కట్టిన ప్రతి సభ్యుడికీ మిగిలిన సంచికల డబ్బు లెక్కకట్టి, పెన్షను ఖాతాకో చేతికో ముట్టజెప్పాలి. చనిపోయిన సభ్యుల సంగతి వస్తే కుటుంబ పెన్షను పుచ్చుకునేవారికి ఇవ్వాలి. కడపటి సంచిక మీద “ఇది కడపటి సంచిక” అని అచ్చు వేయాలి. ఆ లెక్క వేసే పని నాకు అప్పగించండి. చందాల రిజిస్టరు, రశీదు పుస్తకాలు ఇస్తే పదిహేను రోజుల్లో ఒక్క రూపాయి తేడా లేకుండా జాబితా తయారు చేసి కార్యదర్శి గారి బల్ల మీద పెడతాను.

ఇంత పెద్ద పెద్ద పత్రికలు చేయలేని పని, ఈ కొండ కింద ఊళ్ళో ఒక చిన్న సంఘం చేసిందని అనిపించుకుందాం.